మూడో రోజు పొద్దున ఏం పెట్టారు?

నెల్లికుదురు పక్క తండాలో కాళి ఇల్లెక్కడ అని అడిగితే బడికి పోయే పిల్లలు కూడా వేలు పెట్టి చూపిస్తారు. ఆమె సర్పంచి కాదు, పంతులమ్మ కాదు. పత్తి, మిరపకాయ ఏరే ఆడవాళ్ల ముఠాకు మేస్త్రి. పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి మనుషులను పోగుచేసి, భర్త భద్రు నడిపే ట్రాలీ ఆటోలో ఎక్కించి, రైతు చేనుకు తీసుకుపోయి, పొద్దుగూకే వేళకు ఎవరి వాకిట్లో వాళ్లను దింపడం ఇరవై ఏళ్లుగా ఆమె పని. ఎక్కేటప్పుడు ఒక్కొక్కరి భుజం తట్టి తండా భాషలో లెక్కపెడుతుంది. దిగేటప్పుడూ అంతే. ఎక్కినవాళ్లంతా దిగితేనే ఆమెకు ఆ రాత్రి అన్నం సహిస్తుంది.

మనిషి పొట్టి. మాట కూడా పొట్టే. కానీ అడగవలసింది అడగకుండా మాత్రం ఊరుకోదు. చేను చూడనిదే బయానా పట్టదు. ఒకరోజు ముందే పోయి కాయ చూస్తుంది, బోరు నీళ్లు తాగి చూస్తుంది, ఎండకు నిలబడే నీడ ఉందో లేదో చూస్తుంది. అంతటితో ఆగదు. నిరుడు ఆ చేనులో పనిచేసిన వాళ్లెవరో కనుక్కుని వాళ్లింటికి పోతుంది. "చాయ పోసిండా? తిట్టిండా? ఆటో ఆలస్యమైతే గునిసిండా?" అని అడుగుతుంది. రైతులకు ఒళ్లు మండుతుంది. "ఏందమ్మా, పిల్లనిస్తున్నవా, కూలికొస్తున్నవా?" అంటారు. కాళి నవ్వదు, కోప్పడదు. చూడవలసింది చూసి వస్తుంది.

ఇంత చాదస్తం ఊరికే రాలేదు. పన్నెండేళ్ల కిందట భూపాలపల్లి వైపు నుంచి ఒక మధ్యవర్తి ఫోన్ చేశాడు. ముప్పై ఎకరాల మిర్చి, పదిరోజుల పని, ఉండటానికి షెడ్డు అన్నాడు. కాళి అప్పుడు కొత్తగా ఫోన్ కొన్నది. ఫోన్లో వచ్చిన మాట నిజమే అయి ఉంటుందనుకుంది. బియ్యం, గిన్నెలు, దుప్పట్లతో పందొమ్మిది మందిని బస్సెక్కించింది. అక్కడికి పోయేసరికి చేనులో కాయ లేదు. వేరే ముఠా ఎప్పుడో ఏరుకుపోయింది. రైతు వీళ్లను చూసి నోరు తెరిచాడు. "మిమ్మల్ని ఎవలు రమ్మన్నరు?" అన్నాడు. మధ్యవర్తి ఫోన్ ఎత్తలేదు. మిట్టమధ్యాహ్నం గిన్నెలు నెత్తిన పెట్టుకుని బస్సు దొరికే రోడ్డు దాకా అందరూ నడిచారు. ఆడవాళ్లు దారిపొడుగునా ముందు మధ్యవర్తిని తిట్టారు, తర్వాత కాళిని తిట్టారు.

తిట్టనిది ఒక్క వీరమ్మే. ముఠాలో అందరికన్నా పెద్దది. అప్పటికే చెప్పు తెగి, కాలికి ముల్లు దిగి కుంటుతోంది. బస్టాపులో కూర్చుని సద్ది విప్పింది. జొన్నరొట్టె సగానికి తుంచి కాళి చేతిలో పెట్టింది. "తిను బిడ్డా. పొద్దటి సంది తినలేదు నువ్వు" అంది. నాలుగు తిట్లు తిట్టినా అది ఆ రోజుతో పోయేది. తిట్టలేదు కాబట్టే ఆ రొట్టెముక్క ఇన్నేళ్లూ కాళి గొంతులో అడ్డం పడి ఉంది.

వీరమ్మ తీరే అంత. అన్నంలో రాయి వస్తే మెల్లగా తీసి పళ్లెం అంచున పెట్టి తింటుంది. ఎండ అనదు, చలి అనదు, మోకాళ్లు పట్టేశాయని అనదు. వయసు పైబడ్డాక కాయ ఏరడం చేతగాక ఆమెకు కాళి ఇంకో పని అప్పగించింది. చేనులో దిగేముందు ఆడవాళ్లంతా తమ ఫోన్లు, కమ్మలు, ఇంటి తాళంచెవులు ఒక్క ఎర్ర గుడ్డలో వేసి మూట కడతారు. ఆ మూట వీరమ్మ ఒళ్లో ఉంటుంది. ముఠా సాళ్లు మారితే మూటా మారుతుంది, మూట వెనక వీరమ్మా మారుతుంది. మూట ఎక్కడుంటే ఆమె అక్కడ. ఇన్నేళ్లలో ఒక్క ముక్కుపుడక పోలేదు.

మిర్చి పని అయిపోయాక ఏటా కాళేశ్వరం పోయి గోదావరిలో మునిగి రావడం ఆ ముఠాకు అలవాటు. రెండేళ్ల కిందట అట్లా పోయినప్పుడు రేవు మెట్ల మీద ఎవరో యాత్రికులు కలిశారు. నేపాల్ పోయి పశుపతినాథుణ్ణి చూసి వచ్చామని చెప్పుకొచ్చారు. తడి చీర పిండుకుంటూ వీరమ్మ అంతా విన్నది. విని, ఎవరితోనూ కాదన్నట్టు, "ఆ దేవుణ్ని ఒక్కసారి సూత్తే బాగుండు" అంది.

కాళి చేతిలో చెంబు అట్లాగే ఆగిపోయింది. వీరమ్మ ఏదైనా కావాలని అనడం ఆమె విన్నది అదే మొదలు.

"నేను తోల్కపోత అవ్వా" అంది.

మాటైతే ఇచ్చింది. నేపాల్ తూర్పునుందో పడమరనుందో ఆమెకు తెలియదు.

మాట పాకింది. ఇంకో తొమ్మిదిమంది ఆడవాళ్లు మేమూ వస్తామన్నారు. ఆ సంగతి ఎట్లా తెలిసిందో, మహబూబాబాద్‌లో కొత్తగా యాత్రల ఆఫీసు తెరిచిన మిథున్ అనే కుర్రవాడు తండాకే వెతుక్కుంటూ వచ్చాడు. మడత నలగని చొక్కా, చేతిలో రంగురంగుల కాగితాలు. అందరికీ కూల్‌డ్రింకులు తెప్పించాడు. పోవడం విమానంలో, రావడం విమానంలో, ఏసీ గది, మూడు పూటలా మన భోజనం అన్నాడు. ఆధార్ కార్డుంటే చాలన్నాడు. ఈ శనివారంలోగా బయానా పంపితే సగం ధర, ఆదివారమైతే సీట్లే ఉండవు అన్నాడు.

"హోటల్ సూపియ్యి తమ్మీ" అంది కాళి.

మిథున్ నవ్వాడు. "ఖాట్మండుల ఉన్న హోటల్ గీడ ఎట్ల సూపిస్త అక్కా? గిదో, ఫోటోలు సూడు."

ఫోటోల్లో నీలం నీళ్ల కొలను ఉంది, గాజు మేడ ఉంది. కాళి కాగితం తిరగేసి చూసి ఇచ్చేసింది.

"ఫోటోల మిరపచేను ఎప్పటికీ ఎర్రగనే ఉంటది. పోయినేడు నీ ఎంబడి పోయొచ్చిన ఆడిమనిషి నంబరొకటియ్యి."

అతడు తడబడకుండా ఇచ్చాడు. మర్నాడు పత్తిచేనులో సద్దులు తినే వేళ, అందరూ చుట్టూ కూర్చోగా, కాళి ఆ నంబరుకు చేసి స్పీకర్ పెట్టింది. అవతల ఒకావిడ టీవీలో వార్తలు చదివినట్టు మాట్లాడింది. వసతి అద్భుతమట, భోజనం అద్భుతమట, దర్శనం అద్భుతమట. ఆడవాళ్ల కళ్లు మెరిశాయి.

"మూడో రోజు పొద్దున ఏం పెట్టిండ్రమ్మా?" అని కాళి అడిగింది.

"అన్నీ పెట్టారండీ."

"అన్నీ అంటే ఏంది? ఇడ్లీనా, ఉప్మానా?"

"అన్నీ చాలా బాగున్నాయండీ."

"మీ గదిల మీ పక్కపొంటి ఎవలు పండుకున్నరు? గురక పెట్టిండ్రా?"

"అందరూ చాలా మంచివాళ్లండీ."

కాళి ఫోన్ పెట్టేసి చేయి కడుక్కుంది. "గీమె పోలేదు" అంది.

"నీకెట్ల ఎరుక?" అని కల్పన విసుక్కుంది. కల్పన ముఠాలో చిన్నది. ఇంటర్ చదివింది, ఫోన్లో ఏ పనైనా చేసిపెడుతుంది. విమానం మాట విన్నప్పటి నుంచి ఆమెకు నిద్రపట్టడం లేదు.

"పది దినాలు ఇల్లిడిసి పోయిన ఆడిది ఒక్కదానికన్న వంక పెట్టదా? చాయల చక్కెర తక్కువైందనో, బస్సుల కాళ్లు వాసినయనో, పక్కామె గురకకు నిద్రలేదనో, ఏదో ఒకటి అనదా? ఏమనలేదంటే గీమె గడప దాటలేదు."

ఆడవాళ్లు పకపకా నవ్వారు. ఒకామె, "మరి మన వీరమ్మవ్వ ఏమనదు గద" అంది.

"అవ్వ ముచ్చట వేరు" అంది కాళి. వీరమ్మ ఇదేమీ పట్టనట్టు గిన్నె అడుగున మెతుకులు పోగుచేసుకుంటోంది.

మిథున్ ముచ్చట అంతటితో అయిపోయిందనుకుంది కాళి. అవలేదు. సంక్రాంతి దాటాక ఒకరోజు మిరపచేనులో కల్పన సాలు మధ్యలో కూలబడి ఏడ్చింది. ఆ శనివారమే ఎవరికీ చెప్పకుండా రెండు సీట్లకు బయానా పంపిందట. ఒకటి తనకు, ఒకటి వీరమ్మకు. ముసలామెను విమానం ఎక్కించాలని ముచ్చటపడింది. ఇప్పుడు మిథున్ ఫోన్ కలవడం లేదు, ఆఫీసుకు తాళం వేసి ఉంది.

నేను చెప్పలేదా అనడానికి కాళికి మంచి అవకాశం దొరికింది. ఆమె అనలేదు. సద్ది విప్పి సగం రొట్టె కల్పన చేతిలో పెట్టింది. "తిను. రేపు పొద్దుగాల ఠాణాకు పోదాం" అంది. మర్నాడు కూలి మానుకుని వెంట పోయి, సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయించి, ఫిర్యాదు కాగితం రాయించి వచ్చింది. ఆ డబ్బులో కొంత మూడు నెలల మీద తిరిగొచ్చింది. మిగతాది ఇంకా రావాలి.

కాళికి అసలు బెంగ వేరే ఉంది. ఆ నెలలోనే వీరమ్మను మోకాళ్లకు దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరు ఫోటో తీసి చూసి, ఇప్పుడంటే నడుస్తోంది గానీ వచ్చే ఏటికి మెట్లెక్కడం కష్టమన్నాడు. వీరమ్మ తల ఊపి మందుల సంచి పట్టుకుని బయటికి నడిచింది. పశుపతి ఊసు ఎత్తలేదు. ఎత్తదు కూడా. మాట ఇచ్చింది కాళి. ఈ ఎండాకాలం తీసుకుపోకపోతే ఇక ఎప్పటికీ తీసుకుపోలేదు. తెలియని దేశానికి ఎవణ్ణి నమ్మి పోవాలో తెలియక, పోకుండా ఉండలేక, రాత్రుళ్లు పక్క మీద దొర్లేది.

దారి పాలకుర్తిలో దొరికింది. ఒక రైతు చేను చూడటానికి పోయి, ఆటో కోసం చాయ హోటల్ ముందు నిలబడింది. లోపల పోశాలు అనే ముసలాయన ఎవరికో నేపాల్ యాత్ర చెబుతున్నాడు. చెప్పడం కాదు, దుమ్మెత్తిపోస్తున్నాడు. బస్సులో కాళ్లు చాపుకునే జాగా లేదట. అన్నం పలుకుగా ఉందట. గదిలో బకెట్టుకు చెవి లేదట. కొండదారిలో పక్కాయన తన భుజం మీద కక్కాడట. కాళి రెండు ఆటోలు వదిలేసి ఆయన ముందు కూర్చుంది.

"మూడో రోజు పొద్దున ఏం పెట్టిండ్రు బాపూ?"

"ఏం పెడ్తరు బిడ్డా, అటుకులు. ఉత్త అటుకులు. ఆటి మీద నల్ల శనగలు. మనిషి తింటడా, గుర్రం తింటదా?"

కాళి ముఖం చాటంత అయింది. ఇన్నాళ్లకు నిజంగా పోయివచ్చిన మనిషి దొరికాడు. "మరి దర్శనమైందా? ఎంతమంది పోయినరో అంతమంది మళ్లొచ్చినరా?" అని అడిగింది.

"గది మాత్రం మంచిగైంది" అన్నాడు పోశాలు, ఒప్పుకోవడం ఇష్టం లేనట్టుగా. "చెప్పిన కాడికి తోల్కపోయిండు, చెప్పిన రోజుకు తెచ్చిండు."

తీసుకుపోయినవాడు జనగామ రాజేశ్. నలభై దాటిన మనిషి, ఏటా రెండుసార్లు పాతికమందిని రైలులో గోరఖ్‌పూర్ దాకా, అక్కడినుంచి బస్సులో నేపాల్‌కు తిప్పుతాడు. హోటల్ చూపించమంటే అతడు నవ్వలేదు. వాట్సాప్‌లో వీడియో కాల్ చేసి ఇచ్చాడు. అవతల హోటలావిడ ఫోన్ పట్టుకుని గదులన్నీ తిప్పి చూపించింది. ఒక గోడకు సున్నం పెచ్చులూడి ఉంది. తాడు మీద దుప్పట్లు ఆరుతున్నాయి. హిందీ, తండా భాష కలిపి కాళి ఆమెతో మాట్లాడింది. రాజేశ్ పేరు, తేదీలు ఆమె నోటే చెప్పించింది. మోకాళ్ల నొప్పుల మనిషి ఉంది, గది కిందే ఉండాలని మాట తీసుకుంది. చేను చూసినట్టయింది. అప్పుడు బయానా ఇచ్చింది.

బయలుదేరేముందు రాజేశ్ అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. "ఆధార్ నడవది. ఓటరు కార్డు అసలుది తేవాలె. జిరాక్సు ఇంకో సంచిల పెట్టుండ్రి. ఎవల కార్డు ఆల్ల ఒంటి మీదనే ఉండాలె, అందరియి ఒక్క తాన పెట్టకుండ్రి. పైసలు కౌంటర్లనే మార్చుకోవాలె. రోడ్డు మీద నవ్వుకుంట వచ్చి సాయం చేస్తన్నోని చేతికి ఏమియ్యకుండ్రి."

కాళి శ్రద్ధగా తల ఊపింది. మే నెలలో కాజీపేట ప్లాట్‌ఫారం మీద ఆ మాటంతా గాలికి పోయింది. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి తమ కార్డు ఆమె చేతిలో పెట్టారు. ఎప్పుడూ పెట్టేది అట్లాగే. "మా తాన ఉంటే యాడనో పడతది అక్కా, నీ తాన ఉంటే బేఫికర్" అన్నారు. ఆ మాటకు కాళి లోపల ఉబ్బింది. దేశం దాటి పోతున్నా ముఠా ముఠాయే, మేస్త్రి మేస్త్రే అనుకుంది. పదకొండు కార్డులూ ఎర్ర గుడ్డలో చుట్టి, ముడి వేసి, ఎప్పటిలాగే వీరమ్మ ఒళ్లో పెట్టింది. ఇరవై ఏళ్లు అందరినీ అనుమానంగా చూసిన మనిషి, తన అలవాటును మాత్రం ఒక్కసారి అనుమానించలేదు.

ఖాట్మండు చేరారు. సున్నం ఊడిన గోడ ఊడినట్టే ఉంది, కాళికి అది చుట్టాల ఇల్లులా తోచింది. మూడో రోజు పొద్దున పళ్లేల్లో అటుకులు, నల్ల శనగలు వచ్చాయి. కాళికి నవ్వు ఆగలేదు. వీరమ్మ మాత్రం మాట్లాడకుండా ఒక్కొక్క అటుకూ నమిలింది.

ఆ రోజే పశుపతినాథుని దర్శనం. గుడి దగ్గర బస్సు దిగాక రాజేశ్, వాంతులవుతున్న ఒకామెకు మందు తెస్తానని, గేటు ముందే ఉండమని చెప్పి పోయాడు. వరస చాంతాడంత ఉంది. వీరమ్మ అరుగు మీద కూర్చుని మోకాళ్లు నిమురుకుంటోంది. అప్పుడొచ్చాడు ఒకాయన. నుదుట కుంకుమ, మెడలో రుద్రాక్షలు, ముఖం నిండా నవ్వు. మాతాజీకి కాళ్లనొప్పులా అని హిందీలో అడిగాడు. పెద్దవాళ్లు ఉన్న గుంపుకు వేరే దర్శనం ఉందని, డబ్బేమీ అక్కర్లేదని, కార్డులు చూపిస్తే పాసు తెచ్చిపెడతానని అన్నాడు. కౌంటర్ మూసేవేళ అవుతోందని తొందరపెట్టాడు.

డబ్బడిగితే కాళి పసిగట్టేది. ఫోటో చూపిస్తే నవ్వేది. కానీ అతడు కార్డు అడిగాడు. మన దగ్గర ప్రత్యేక దర్శనానికి కార్డు అడగని పెద్ద గుడి ఏది? అడగడం మామూలే, ఇవ్వడం మామూలే. పైగా ఆమె కళ్లు వీరమ్మ మోకాళ్ల మీద ఉన్నాయి. కాళి ముసలామె ఒళ్లోంచి ఎర్ర మూట తీసి అతని చేతికి ఇచ్చింది. అతడు మూట పట్టుకుని దుకాణాల సందులోకి నడిచాడు. కాళి ఇటు తిరిగి, చెప్పులు విడిచి తయారుగా ఉండమని ఆడవాళ్లను హడావిడి పెట్టింది.

అయిదు నిమిషాలన్నాడు. పావుగంట అయింది.

"అక్కా, ఆ మనిషి రాలే" అని కల్పన మెల్లగా అంది.

కాళి సందు వైపు తిరిగి చూసింది. భూపాలపల్లి చేను కళ్లముందు నిలిచింది, కాయలేని మోళ్లతో సహా. చేయి దానంతటదే లేచింది. ఒక్కొక్కరి భుజం తట్టి లెక్కపెట్టింది. పదిమంది ఉండాలి. తొమ్మిది వచ్చింది. మళ్లీ పెట్టింది. తొమ్మిదే.

అరుగు మీద వీరమ్మ లేదు.

కార్డుల సంగతి ఆ క్షణమే ఆమె మరిచిపోయింది. భాష రాని ఊళ్లో, సరిగా నడవలేని ముసలామె. చేనులో పోతే కేక వేస్తే వినబడుతుంది. ఇక్కడ వేలమంది జనం, గంటలు, మైకులు. అవ్వా అని పిలిస్తే తన గొంతు తనకే వినబడలేదు. మిగతావాళ్లను అక్కడే చేతులు పట్టుకుని నిలబడమని చెప్పి, కల్పనను లాక్కుని సందులోకి పరుగెత్తింది. బంతిపూల దుకాణాలు, రుద్రాక్షల దుకాణాలు, ఇత్తడి దుకాణాలు. ప్రతి తెల్లజుట్టునూ ఆగి చూసింది. ఇంట్లోనే ఉంచితే క్షేమంగా ఉండేది కదా, నేనే తెచ్చి పోగొట్టుకున్నానని ఏడుస్తూ పరుగెత్తింది.

సందు మలుపులో అయిదారుగురు గుమిగూడి ఉన్నారు. మధ్యలో రాతిమెట్టు మీద వీరమ్మ, కాళ్లు బారచాపుకుని కూర్చుని ఉంది. ఎర్ర మూట ఒళ్లో ఉంది. గుడ్డ కొస గుప్పిట్లో రెండు చుట్లు చుట్టుకుని ఉంది. పక్కన పూలమ్మే ఆమె గ్లాసుతో నీళ్లు పట్టిస్తోంది. రుద్రాక్షలాయన జాడ లేదు.

జరిగింది పూలామె హిందీలో చెప్పింది. అతడు గబగబా నడుస్తుంటే ఈ ముసలామె వెనకే వచ్చిందట. అతడు మలుపు తిరిగితే తనూ తిరిగిందట. వెనక్కి పొమ్మని చేయి ఊపితే, బోసినోటితో నవ్వి మూట ముడి పట్టుకుందట. అరిస్తే దారికి అడ్డంగా కూలబడిందట, ముడి మాత్రం వదల్లేదట. ఏమైందని దుకాణాల వాళ్లు దిగి వచ్చేసరికి, మూట వదిలేసి జనంలో కలిసిపోయాడట.

కాళి ఆమె ముందు కూలబడింది. "ఎందుకు పోయినవవ్వా? వాడు నిన్నేమన్న చేస్తే?"

వీరమ్మకు ఆ ప్రశ్న అర్థం కానట్టుంది. "మూట కదిలింది గద బిడ్డా" అంది. "నేను కూసుంటే ఎట్ల?"

కాళి ఏడ్చింది. తండాలో ఎవరూ చూడని ఏడుపు అది. ఏడుస్తూనే వీరమ్మ భుజం తట్టి, ఆగిపోయిన లెక్క పూర్తిచేసింది.

గేటు దగ్గరికి వచ్చాక అందరి ముందూ మూట విప్పింది. "తప్పు నాది. రాజేశన్న చెప్పిండు, నేను చెవిన పెట్టలే" అని, ఎవరి కార్డు వాళ్ల చేతిలో పెట్టింది. ఆడవాళ్లు తీసుకుని, చీరకొంగుల్లో ముడివేసి నడుముకు దోపుకున్నారు. ఎర్ర గుడ్డ ఖాళీ అయింది. దాన్ని వీరమ్మ మడిచి, చన్నీళ్లలో తడిపి, మోకాలికి కట్టుకుంది. ఆ తర్వాత మామూలు వరసలోనే, రెండు గంటలు నిలబడి, ఒక పక్క కాళి, ఒక పక్క కల్పన రెక్కలు పట్టుకోగా వీరమ్మ పశుపతినాథుణ్ణి చూసింది. బయటికి వచ్చాక ఏమీ అనలేదు. ఎట్లుందవ్వా అంటే తల ఊపింది, అంతే. కాళికి కొంచెం వెలితిగానే అనిపించింది. పదోరోజు నెల్లికుదురులో భద్రు ఆటోలోంచి అందరూ దిగారు. లెక్క సరిపోయింది.

ఇప్పుడు మళ్లీ మిర్చి దిగుతోంది. ముఠాలో ఒక పద్ధతి మారింది. ఎవరి వస్తువు వాళ్ల నడుముకే ఉంటుంది. వీరమ్మకు కావలిపని పోయింది కాబట్టి, కాళి కొత్తపని ఇచ్చింది. ఎవరైనా యాత్ర సంగతి కనుక్కోవడానికి ఫోన్ చేస్తే మాట్లాడటం. మొన్న భూపాలపల్లి నుంచి ఎవరో ఆడమనిషి చేసింది. రాజేశ్ నంబరిచ్చాడట, పోవాలా వద్దా అని అడుగుతోంది. కాళి స్పీకర్ పెట్టి ఫోన్ వీరమ్మ చేతికిచ్చి, సాల్లోకి దిగింది.

"ఎట్లుండె అవ్వా?" అని అవతలామె అడిగింది.

వీరమ్మ గొంతు సవరించుకుంది. "ఏం చెప్పుదు బిడ్డా. రైలుల కిటికీ మూతపడది, రాత్రంత గాలే. అన్నమంటే అన్నం కాదు, పలుకులు. మూడో రోజు పొద్దున అటుకులు పెట్టిండ్రు, నానబెట్టలే, పోపు పెట్టలే, పండ్లు లేనోళ్లు ఎట్ల తినాలె? నీళ్లు మంచుగడ్డలు. మంచం కిర్రుకిర్రుమంటది. మా మేస్త్రి కాళి ఉన్నది, ఎద్దు రంకేసినట్టు గురక పెడ్తది. గుడి కాడ దొంగముండాకొడుకు ఒకడు నన్ను సందులన్ని తిప్పిండు. రెండు గంటలు నిలబెట్టిండ్రు, నా మోకాళ్లు నా తాన లేవు..."

చేనులో ఏరే చేతులన్నీ ఆగాయి. డెబ్బై ఏళ్లకు దగ్గరపడ్డ వీరమ్మ, జన్మలో మొదటిసారి, ఊపిరి తిప్పుకోకుండా వంకలు పెడుతోంది. కల్పన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అయితే పోవద్దంటవా అవ్వా?" అంది అవతలామె, కొంచెం దిగులుగా.

"పోవద్దని ఎవలన్నరు?" అని వీరమ్మ కసురుకుంది. "పో బిడ్డా. ఆ సామి ముఖం సూడంగనే ఇవన్ని యాదికి రావు. గని కార్డు నీ నడుముకే కట్టుకో."

కాళి మిరపసాలు మధ్యలో నిలబడి అంతా విన్నది. ఆమెకు చెప్పలేనంత సంతోషంగా ఉంది. అవ్వ పోయివచ్చింది, ఇక అనుమానం లేదు. ఆ మధ్యాహ్నం సద్ది తింటుంటే, పన్నెండేళ్లుగా గొంతులో నిలిచిన రొట్టెముక్క దిగిపోయినట్టనిపించింది.